మొలతాడుకు కట్టిన చున్నీ

నేను మొదటిసారి గాలం పట్టింది మొన్న వేసవిలో. సుమ్మాదేవి దగ్గర మా అత్తవారి జీడితోట చివర ఒక నీటి గుంట ఉంది. అందులో కొర్రమీనులుంటాయి. బావ, అంటే మా ఆయన, వానపామును ముల్లుకు గుచ్చి గాలం కర్ర నా చేతికిచ్చాడు.

"బెండు మునిగితే ఒక్కసారే పైకి లాగు. సూత్తా కూకోకు."

నా చూపు నీళ్ల మీద తేలే ఆ బెండు మీద నిలవలేదు. మా పాపకు అప్పుడప్పుడే నడక వస్తోంది, గట్టేమో జారుగా ఉంది. అందుకని దాని మొలతాడుకు నా చున్నీ ఒక కొస కట్టి, రెండో కొస నా కుడి మణికట్టుకు కట్టుకున్నాను. బలమున్న చెయ్యి అదేనని. గాలం పట్టిందీ ఆ చేత్తోనే.

బెండు మునిగింది. గట్టిగా లాగాను. చేపతో పాటు పాప కూడా గట్టు మీద పడింది.

"ఏటే, సేపని లాగమంటే పిల్లని లాగినావేటి!" అని నవ్వుతూ బావ పాపను ఎత్తుకున్నాడు.

దెబ్బేమీ తగల్లేదు. కాస్త ఏడ్చి, ఎగిరెగిరి పడుతున్న చేపను చూసి ఊరుకుంది. పొద్దుటి నుంచి భయపడుతూనే ఉన్న నాకు అప్పుడు భయం వేయలేదు. నవ్వూ రాలేదు. పాపా గాలమూ రెండూ నా ఒక్క చేతికే ఉన్నాయనిపించింది.

"ఆ ముడి ఇప్పీయే. దీన్ని నాను సూసుకుంటాను."

ముడి బిగుసుకుపోయింది. పంటితో విప్పి, ఆ కొసను ఆయన మణికట్టుకు కట్టాను. బావ నా మొహం చూసి, పాపను చంకన సర్దుకున్నాడు. నేను గాలం మళ్లీ నీళ్లలో వేశాను.