మల్లయ్య ఒక్కపొద్దు, మా నీలి మందు

1962లో నన్ను కరీంనగర్ జిల్లాలోని ఒక సర్కారు దవాఖానకు దంతవైద్యుడిగా వేశారు. అక్కడ బీదలకు పళ్ళు ఊరికే పీకేవాళ్ళం. కట్టుడు పళ్ళ సెట్టు సర్కారు ఖర్చుతో కావాలంటే మాత్రం దీర్ఘరోగి అయి ఉండాలి. ఆ రోగం ఎంపిక నాటి పరీక్షలో కనబడాలి. ఎంపిక ఏడాదికి ఒక్కసారే.

మెట్‌పల్లి దగ్గరి రైతు మల్లయ్యకు మూడేళ్ళుగా మధుమేహం. చిగుళ్ళు చెడి పళ్ళన్నీ పోయాయి. జావ మీద బతుకుతూ నాగలి పట్టలేనంతగా నీరసించాడు. పరీక్షంటే, మూత్రం చుక్కలు గాజు గొట్టంలోని నీలి మందులో వేసి స్పిరిట్ దీపం మీద కాచడం. చక్కెర ఎక్కువుంటే అది ఇటుక రంగుకు తిరుగుతుంది. మల్లయ్యది నీలంగానే నిలిచింది. గుమాస్తా ‘అనర్హుడు’ అని రాసేశాడు.

“షుగర్ లేదంటే మిఠాయి పంచాలె గని, గట్ల ముఖం పెడ్తవేందే?” అని నవ్వాడు కూడా.

“మూడేండ్ల బీమారి ఒక్కనాడు యాడికి పోతది సారూ?” అన్నాడు మల్లయ్య.

న్యాయమైన ప్రశ్న. చివరిసారి ఎప్పుడు తిన్నావని అడిగాను. అతని పక్కనే ఉన్న భార్య రాజవ్వ చెప్పింది: “పండ్ల సెట్టు రావాలెనని దేవునికి మొక్కిండు సారూ. మొన్నటి సంది ఒక్కపొద్దే. నీళ్ళు తప్ప ఏం ముట్టలే.”

పస్తుతో ఆ పూటకు చక్కెర తగ్గింది, రోగం తగ్గలేదు. పళ్ళ కోసం మొక్కిన మొక్కే పళ్ళకు అడ్డొచ్చింది. కడుపు మాడ్చుకుంటే ఏ దేవుడూ పళ్ళు కట్టడని గట్టిగానే తిట్టి, అన్నం తినమన్నాను.

“మొక్కు తీరకముందే ఎట్ల తింట సారూ?”

“దేవునికి నేను జవాబు చెప్త. నువ్వైతే తిను,” అని రాజవ్వ సద్దిమూట విప్పి, పప్పూ అన్నం మెత్తగా పిసికి ముందు పెట్టింది.

రెండు గంటల తరవాత నేనే మళ్ళీ పరీక్షిస్తే మందు ఇటుక రంగుకు తిరిగింది. ఒక మనిషికి ఒకటే పరీక్ష, అది రూలన్నాడు గుమాస్తా. మల్లయ్య మూడేళ్ళ మందుచీటీలూ, రెండు గాజు గొట్టాలూ తీసుకుని నేరుగా సివిల్ సర్జన్ బల్ల మీద పెట్టాను. జిల్లా వైద్యులందరికీ ఆయనే పైఅధికారి. చీటీలన్నీ చదివి, ‘అనర్హుడు’ కొట్టేసి సంతకం చేశారు. రెండు నెలలకు మల్లయ్య నా ఎదుటే జొన్నరొట్టె నమిలాడు.

అతని పస్తును మూఢనమ్మకమన్నాను. ఇప్పటికీ అంటాను. మూడేళ్ళ చీటీలు ఎదురుగా ఉండగా ఒక గొట్టం రంగునే నమ్మిన మా నిబంధనకు కూడా అదే పేరు. మరుసటి ఎంపిక నుంచి గొట్టం ముట్టకముందు చీటీలు చదివాను, ఎప్పుడు తిన్నావని అడిగి రాసుకున్నాను.