మామిడి సొన మచ్చ

మొన్న పాల్వంచ కాలనీలో మా మనవరాలు ఒక లావుపాటి నవల ముందేసుకుని, పూర్వకాలంలో ఒక ముసలావిడ హంతకుణ్ణి పట్టేసిన కథ చదువుతూ, "ఉత్త కట్టుకథ అమ్మమ్మా, అప్పట్ల ఆడోళ్లు గిట్ల కేసులు పట్టిన్రా ఏంది?" అన్నది. నాకు ఒళ్లు మండింది. మా నాన్నమ్మ సంగతి దీనికి నేను కాక ఇంకెవరు చెబుతారు!

మాది భద్రాచలం అడవి అంచున చిన్న గూడెం. నాకప్పుడు ఏడేళ్లు, ముందు పన్ను ఊడి ఉంది. బీడీల తునికాకు కొనే కళ్లంలో గుమాస్తా మా నాన్న తెచ్చిన ఆకు కట్టలు బాగాలేవని విసిరేస్తే, నాన్న కోపం పట్టలేక, నీ అంతు చూస్తానని పదిమందిలో అరిచాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ గుమాస్తా కళ్లంలోనే తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. ఇంకేముంది, పోలీసులు నాన్నను పట్టుకుపోయారు. ఆ వేళ ఎక్కడున్నావని ఎంత కొట్టినా ఆయన నోరు విప్పలేదు.

ఎక్కడున్నాడో నాకు తెలుసు. జ్వరంతో నోరు చేదెక్కి ఏదీ మింగలేక ఏడుస్తున్న నన్ను, అందరూ ఆకుకు పోయిన ఆ మధ్యాహ్నమే భుజాన వేసుకుని, వాగు దాటించి, మామిడికాయ కోసి పెట్టాడు, తానూ ఒకటి కొరికాడు. మామిడి పండగ చేసి వేల్పులకు పెట్టకముందు మావాళ్లు కొత్త కాయ ముట్టరు. ముడితే ఊరంతటికీ కీడు, ఆ ఏడు ఏ ఇంట్లో పసిబిడ్డ పోయినా ఆ పాపం ముట్టినవాడిదే. అందుకే తన తలమీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు. చెబితే నాన్న చచ్చిపోతాడని నా భయం, చెప్పకపోయినా పోలీసులు చంపేసేలా ఉన్నారాయె! అమ్మ గోడకు తల బాదుకుంటుంటే చూస్తూ మూడు రోజులు నోరు మూసుకున్నాను.

నాలుగో రోజు నాకు గంజి తాగిస్తున్న నాన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. నా పెదవి అంచున సొన కాల్చిన నల్లమచ్చ! గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. "ఏ చెట్టు బిడ్డా?" అన్నది, అంతే, నా ఏడుపు కట్ట తెగింది, జరిగిందంతా చెప్పేశాను. వాగు దాటి ఆ చెట్టు కింద వెతికి, పంటిసందు అచ్చు పడిన నా ఎంగిలికాయను కొంగున కట్టుకుని, నన్ను చంకనేసుకుని, ఊరిపెద్దను వెంటబెట్టుకుని ఠాణాకు నడిచింది.

ఆ కాయ ముందు పెట్టి, ఖూనీ జరిగిన మధ్యాహ్నం తండ్రీబిడ్డలు ఆ చెట్టు కిందే ఉన్నారంటే ఎస్సై మొదట నవ్వాడు. నాన్నను బయటికి తెప్పించమని ఆమె మొండికేసింది. వాచిన ఆ ముఖం మీద, దెబ్బల మధ్య, మూతి దగ్గర అదే మచ్చ; ఇక దాచలేక నాన్న ఔనని తలూపాడు. ఊరిపెద్ద తలవంచుకుని, "ఖూనీ చేసిన్నని అబద్ధమన్న ఒప్పుకుంటడేమో గానీ, ఈ తప్పు చెయ్యకుండ చేసిన్నని మాలో ఎవడు చెప్పుకోడు సారూ" అన్నాడు.

నాన్నను వదిలేశారు. అసలు హంతకుడు ఎవరో నేటికీ తెలియదు. ఆ వానాకాలం మా పక్కింట్లో పాలు తాగే బిడ్డ జ్వరంతో పోయింది. ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు, నాన్న మాత్రం ఆ తర్వాత పండగలోనైనా మామిడి నోట పెట్టలేదు. కొడుకును బతికించుకున్నానో చంపుకున్నానో అని నాన్నమ్మ పోయేదాకా కుమిలింది.

ఇదంతా చెప్పి చూస్తే మనవరాలి పెదవి అంచున చిన్న నల్లమచ్చ. గడ్డం పట్టుకుని, ఏ చెట్టని అడగబోయాను. బస్టాండు దగ్గర బండి మీద కాయ కొన్నదట, ఉప్పూకారం కూడా బండివాడే చల్లి ఇచ్చాడట. మామిడి పండగ ఇంకా ఎన్నాళ్లుందో దానికి తెలియదు. నాకూ లెక్క తప్పింది.