రత్తమ్మ ఓణీ, త్రోబాల్ రూలు

నిన్న సంగం దగ్గర బస్సు ఆగినప్పుడు, బడి ఆవరణలో ట్రాక్ ప్యాంట్లు వేసుకున్న ఆడపిల్లలు త్రోబాల్ ఆడుతూ కనిపించారు. ఆత్మకూరు బళ్ళో నాతో చదివినవాళ్ళారా, మన రత్తమ్మ గుర్తుందా?

అప్పట్లో మనకు నెట్టెక్కడిది? రెండు గుంజలకు కట్టిన మోకే. మనవి లంగా ఓణీలు. బంతిని రెండు చేతులా పట్టాలి, ఒంటికి తగలనీయకూడదు, మూడు లెక్కపెట్టేలోగా ఒంటిచేత్తో విసరాలి. గొర్రెలు కాసే ఇంటిపిల్ల రత్తమ్మ మాత్రం వచ్చిన ప్రతి బంతినీ గుండెకు హత్తుకునేది.

"ఏందిమే, అదేమన్నా గొర్రెపిల్లా?" అని డ్రిల్లు మేడం అరిచేవారు.

ఉదయగిరి వాళ్ళతో మ్యాచ్‌లో చివరి పాయింటు. బంతి రత్తమ్మ మీదికొచ్చింది. ఈసారి ఒంటికి దూరంగానే పట్టింది కానీ, నడుముకు దోపిన ఓణీ ఊడి భుజం మీంచి జారిపోయింది. చెంగును పళ్ళతో కరిచిపట్టి, బంతిని మోకు అవతలికి విసిరికొట్టింది రత్తమ్మ. గెలిచాం!

"ఫౌలు! ఫౌలు!" అని ఉదయగిరి పిల్లలు గోల చేశారు.

రత్తమ్మ తొణకలేదు. "పళ్ళతో ఓణీ పట్టుకోకూడదని రూలుండాదా మేడం?"

మేడం నవ్వాపుకోలేక, "లేదులేమ్మే" అన్నారు.

మరుసటి ఏడు ఉదయగిరి జట్టు మళ్ళీ ఆటకు దిగింది. చూస్తే, ఒక్కొక్కరి ఓణీ చెంగూ పళ్ళ మధ్యే ఉంది.