పాలు లేవన్న మాట

ఆ ఇంటి పెద్దకోడలిని అందరూ మేనేజరమ్మ అనేవారు. నిజానికి ఆవిడ ఏ ఆఫీసుకూ మేనేజరు కాదు. డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరు దగ్గర నిలబడి బట్టలు తీసుకునే ఉద్యోగం. చొక్కా చేతిలో పడగానే కాలరు, చేతుల అంచులు, జేబు మూలలు ట్యూబులైటు కింద తిప్పి చూసి, "ఇది కాఫీ కాదండీ, దగ్గు మందు. పైగా ఇంట్లో సబ్బు పెట్టి రుద్దారు. ఇక పోదు" అని మొహాన చెప్పేసేది. చాలాసార్లు ఆవిడ చెప్పిందే నిజమయ్యేది. "మా వదిన ముందు అబద్ధమాడితే చొక్కాయే సాక్ష్యం చెబుతుంది" అని మరిది నవ్వేవాడు.

అత్తగారు లేని ఇల్లు. గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలో, ఎవరికి ఏ మందు వేయాలో, నీళ్ల మోటారు ఎవరు వేయాలో అన్నీ ఆవిడ మాట మీదే నడిచేవి. తన చంటిదానికి ఇంకా పాలిస్తూనే ఉంది. "ఒక పక్క తాగేసరికే దీని కడుపు నిండిపోతుంది" అనేది. అది గొప్ప చెప్పుకోవడం అని ఆవిడకెప్పుడూ తోచలేదు. ఉన్నమాటే కదా అనుకునేది.

అలాంటి ఇంట్లో చిన్నకోడలికి కొడుకు పుట్టాడు. ఆ అమ్మాయి పుస్తకాలు బైండింగ్ చేసే ప్రెస్సులో పనిచేసేది. నెమ్మదస్తురాలు. పుట్టింట్లో చూసుకునే దిక్కు లేదు కాబట్టి ఆసుపత్రి నుంచి తిన్నగా ఈ ఇంటికే వచ్చింది. బుడ్డోడు రొమ్ము పట్టుకుని చాలాసేపు చీకేవాడు, చీకుతూనే నిద్రపోయేవాడు, పక్కలో పడుకోబెట్టగానే మళ్లీ గుక్కపెట్టేవాడు. నోట్లోంచి టక్కు టక్కుమని చప్పుడు వచ్చేది. తల్లికి చనుమొనలు పగిలి, జాకెట్టుకు అంటుకుపోయేవి.

"చాలా నొప్పిగా ఉందక్కా" అంది ఓ ఉదయం.

"మొదట్లో అందరికీ అంతే. నాకు కాలేదా? పళ్లు బిగపట్టి ఇయ్యి" అంది మేనేజరమ్మ, డబ్బా సర్దుకుని షాపుకు పోతూ.

ఆ అమ్మాయి పళ్లు బిగపట్టే ఇచ్చింది. బుడ్డోడు మాత్రం ఒళ్లు చేయలేదు. తొడల మీద చర్మం వదులుగా ముడతలు పడే ఉండేది. ఒకరోజు చుట్టాలు వచ్చి కూర్చుని ఉండగా వాడు ఏడుపు అందుకున్నాడు. మేనేజరమ్మ వాణ్ణి తల్లి ఒళ్లోంచి తీసుకుని, "దీనికి పాలు లేవండీ. కొందరికి ఉండవు. నేరమేం కాదు" అంటూ పొడి పాలు కలిపిన సీసా వాడి నోట్లో పెట్టింది. వాడు సగం మింగి సగం చొంగ కార్చాడు. చుట్టాలు అయ్యో అన్నారు. చిన్నకోడలు కొంగు సవరించుకుని లోపలికి వెళ్లిపోయింది. తను మంచి మాటే చెప్పానని, ఆ అమ్మాయి బరువు దించానని మేనేజరమ్మ అనుకుంది.

అప్పటి నుంచి సీసాలు పెరిగాయి. రొమ్ములు నిండడం తగ్గింది. సీసా కలుపుతున్న ప్రతిసారీ చిన్నకోడలు గోడవైపు తిరిగి పడుకునేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి తలస్నానానికి వెళ్లింది. మగవాళ్లిద్దరూ బయటికెళ్లారు. బుడ్డోడు లేచి ఏడుస్తున్నాడు. సీసా కడిగి లేదు. మేనేజరమ్మ వాణ్ణి ఎత్తుకుంది. పాపం, ఒక్క పూటైనా కడుపు నిండా తాగనీ అనుకుంటూ తన రొమ్ముకే పట్టించింది. తల్లి దగ్గర తాగలేనిది తన దగ్గర తాగుతాడన్న చిన్న గర్వం కూడా లోపల లేకపోలేదు.

వాడు చిగుళ్లతో కరిచిపట్టాడు. ఆవిడకు ప్రాణం జివ్వుమంది. పాలు ధారగా వస్తున్నా వాడికి అందడం లేదు. టక్కు, టక్కు, జారిపోవడం, మళ్లీ వెతుక్కోవడం. పెదాల పక్క నుంచి పాలు కారి ఆవిడ చీర తడిసింది. రెండో పక్క పట్టించింది. అదే తంతు. చివరికి వాడు నోరు తెరిచి ఏడుస్తుంటే మేనేజరమ్మ వాణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నోట్లోకి వంగి చూసింది. నాలుక పైకి లేవడం లేదు. కొస మధ్యలో లోపలికి లాగినట్టు నొక్కుకుపోయి ఉంది. దాని కింద తెల్లగా, బిగుతుగా ఒక పొర.

అయితే ఇన్నాళ్లూ లోపం తల్లి పాలలో లేదు, వీడి నాలుకలో...

"ఏడ్చాడా అక్కా?" చిన్నకోడలు తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

మేనేజరమ్మ గభాలున కొంగు లాక్కుంది. "ఆ... ఊరికే. నిద్రపుచ్చుతున్నా" అంది. కస్టమర్ల కళ్లలోకి చూసి నిజం చెప్పే మనిషి ఆ పూట తల ఎత్తలేకపోయింది. సాయంత్రం మరిదితో మాత్రం, "వీడి నాలుక ఒకసారి డాక్టరుకు చూపించండి, ఏదో తేడాగా ఉంది" అని ముక్తసరిగా అంది. అది తనకెలా తెలిసిందో చెప్పలేదు.

మరిది దంపతులతో పాటు మేనేజరమ్మ కూడా వెళ్లింది. పిల్లల డాక్టరు పెద్దావిడ. చేతికి తొడుగు వేసుకుని, బుడ్డోడి నాలుక కింద వేలు పోనిచ్చి చూసింది. తల్లి చేత పాలిప్పించి చూసింది.

"ఎవరు గమనించారు ఇది?"

"మా అక్కేనండీ. ఆవిడ కంటపడితే ఏదీ దాగదు" అంది చిన్నకోడలు. మేనేజరమ్మకు చెంప మీద కొట్టినట్టయింది.

"నాలుక కింద పొర బిగుతుగా ఉంది. అందుకే పట్టు దొరకడం లేదు, మీకు పుళ్లు పడుతున్నాయి. మరి సీసా ఎందుకు మొదలుపెట్టారు?"

"పాలు లేవని..."

"ఎవరన్నారు? పిల్లాడు లాగితేనే పాలూరతాయి. లాగడం తగ్గి, సీసా పెరిగితే ఉన్నవీ తగ్గుతాయి. ఎవరు చెప్పారమ్మా మీకు?"

చిన్నకోడలు నోరు విప్పలేదు. ఒళ్లో దుప్పటి అంచును మడతపెడుతూ కూర్చుంది. ఆ మౌనం ఎవరి కోసమో మేనేజరమ్మకు తెలుసు.

"నేనే అన్నాను" అంది. "నలుగురిలో అన్నాను. మొన్న నా దగ్గర పట్టించి చూశాను. నా దగ్గరా తాగలేకపోయాడు. అప్పుడు తెలిసింది నాకు. తెలిసి కూడా దీనితో చెప్పలేదు."

చిన్నకోడలు తలెత్తి చూసింది.

"ఇంకొకరి బిడ్డకు పాలివ్వాలంటే ముందు మమ్మల్ని అడగాలమ్మా. మీ ఆరోగ్యం, పరీక్షలు చూడకుండా చేసే పని కాదది" అని డాక్టరు మందలించి, అసలు విషయానికి వచ్చింది. పొర ఉన్న ప్రతి పిల్లాడికీ కత్తిరించక్కర్లేదు. ముందు పట్టించే తీరు మార్చి చూడొచ్చు. బరువు పెరగకపోతే, నొప్పి తగ్గకపోతే కత్తిరించొచ్చు. చిటికెలో పని, నాలుగు చుక్కల రక్తం. అయినా తప్పకుండా నయమవుతుందని మాటివ్వలేను అంది.

"ఇప్పుడే చేసేయండి డాక్టరుగారూ!" మేనేజరమ్మ కుర్చీలోంచి లేచింది.

"పసివాడి నాలుక మీద కత్తెరేంటి వదినా!" మరిది మొహం పాలిపోయింది.

"ఇంకెన్నాళ్లు మాడ్చుతాం వాణ్ణి? ఆలోచించేదేముంది ఇందులో?"

"అక్కా" అంది చిన్నకోడలు మెల్లగా. "ఈసారి నన్ను చెప్పనివ్వండి."

మేనేజరమ్మ కూర్చుండిపోయింది. మొదట తప్పు తీర్పు చెప్పింది. ఇప్పుడు దాన్ని కడుక్కోవాలన్న తొందరలో మళ్లీ ఆ తల్లి నోరు నొక్కబోయింది.

ముందు తీరు మార్చి చూస్తానంది ఆ అమ్మాయి. నర్సు పిల్లాణ్ణి ఎలా ఒరిగించి పట్టుకోవాలో, నోరు బాగా తెరిచేదాకా ఎలా ఆగాలో నేర్పింది. పాలు మళ్లీ ఊరడానికి రొమ్ముకు పెట్టే పంపుతో పాలు తీయమంది. ఇంట్లో ఆ పంపు ముక్కలు విడదీసి, కడిగి, మరిగించే పని మేనేజరమ్మ అడగకుండానే తీసుకుంది. నోరు మూసుకోవడమే కష్టమైంది. సలహా నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. తన చంటిదానికి మాత్రం హాల్లో కూర్చుని పాలివ్వలేకపోయింది. వంటింటి తలుపు వేసుకుని దొంగలా ఇచ్చేది. షాపులో ఒకాయన కోటు మీద మరక చూపిస్తే, "ఏమోనండీ, చూస్తే చెప్పలేను" అంది. ఓనరు కళ్లజోడు తీసి మరీ ఆవిడ వంక చూశాడు.

నొప్పి కొంత తగ్గింది కానీ బుడ్డోడి బరువు నత్తనడకే నడిచింది. మళ్లీ తూకం వేయించి వచ్చిన రోజు చిన్నకోడలు భర్తతో, "చేయిద్దామండీ. నాకు భయంగానే ఉంది. అయినా చేయిద్దాం" అంది. మేనేజరమ్మ గదిలోనే ఉంది. ఔననలేదు, కాదనలేదు.

కత్తిరించే రోజు డాక్టరు, మీ ఇంట్లో ఎవరికైనా రక్తం కారితే ఆగని జబ్బు ఉందా అని అడిగి, లేదన్నాక లోపలికి పిలిచింది. మేనేజరమ్మ బెంచీ మీదే ఉండిపోయింది.

"రండక్కా. నా చేతులు వణుకుతున్నాయి. మీరు పట్టుకోండి."

"నేనా?"

"మీరే."

నర్సు బుడ్డోణ్ణి గుడ్డలో చుట్టింది. మేనేజరమ్మ వాడి తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. కళ్లు మూసుకోలేదు, మూసుకునే హక్కు తనకు లేదనిపించింది. కత్తెర ఒక్కసారి కదిలింది. వాడు కెవ్వుమన్నాడు. మరుక్షణం తల్లి ఒళ్లో ఉన్నాడు. వెంటనే అద్భుతమేం జరగలేదు. రెండుసార్లు వదిలేసి ఏడ్చి, మూడోసారి పట్టుకున్నాడు.

టక్కుమనే చప్పుడు మాయమవడానికి రోజులు పట్టింది. పుళ్లు మానాయి. వాడి తొడలు నున్నబడ్డాయి. పాలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. సాయంత్రానికి తగ్గిపోయేవి, ఆ పూట ఒక సీసా తప్పలేదు.

ఒక సాయంత్రం ఆ సీసా కలుపుతూ మేనేజరమ్మ ఉండబట్టలేక అంది. "నా మూలానే కదే ఇది. నన్ను తిట్టు, తిడితే నాకు తేలికవుతుంది."

చిన్నకోడలు బుడ్డోణ్ణి ఒళ్లో సర్దుకుంది. "మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. కానీ మీరన్నందుకు కాదక్కా, నాకు ఎక్కువ బాధ నేను నమ్మినందుకు. వాడు నా ఒళ్లో ఏడుస్తుంటే నా ఒంటినే అసహ్యించుకున్నాను."

ఆ మాటకు ఏమని క్షమాపణ చెప్పాలి? సీసాను మణికట్టు మీద వంచి వేడి చూసింది. చల్లారిందని తేలాక అందించింది. బుడ్డోడు రెండు చేతులూ సీసా మీద ఆనించి, కళ్లు మూసుకుని హాయిగా తాగాడు. వాళ్లిద్దరూ వాణ్ణి చూస్తూ చాలాసేపు పక్కపక్కనే కూర్చున్నారు.