నా వంతు పాయసం

నా చిన్నప్పుడు అన్నం తిని లేస్తే చాలు, కడుపులో మెలిపెట్టేది. చెంబు పట్టుకుని కాలవగట్టుకు పరిగెత్తేదాన్ని. చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో ఎవరి వైద్యం వాళ్ళదే. ఒకరు ఆముదం తాగించారు, ఒకరు దిష్టి తీశారు. మా నాయనమ్మకైతే అన్ని జబ్బులకీ ఒకటే మందు, చిక్కటి గేదెపాలు. ఆ పాలు తాగిన పూటే నాకు మరీ ఎక్కువయ్యేది. చెబితే వినేదెవరు? పిల్లలకేం తెలుసని గ్లాసు నోటికి ఆనించేవారు. క్లాసులోంచి మాటిమాటికీ బయటికి పోతున్నానని చివరికి బడి మానిపించారు.

అప్పుడు కంకిపాడు నుంచి మా పెద్దమ్మ వచ్చి నన్ను తనతో తీసుకుపోయింది. ఆమెదీ నాలాంటి కడుపే. పాలు ఆపేసింది. ఉల్లి, వెల్లుల్లి, పప్పు కొన్నాళ్ళు దగ్గరికి రానివ్వలేదు. మెత్తటి అన్నం, బీరకాయ కూర, పలుచటి చారు పెట్టింది. తర్వాత ఒక్కొక్కటే కొద్దికొద్దిగా కలుపుతూ ఏది పడుతుందో, ఏది పడదో కనిపెట్టింది. ఆ చప్పిడి తిండికి విసిగి నేను కంచం నెట్టేసినా కోప్పడలేదు. నెమ్మదిగా తేరుకుని మళ్ళీ బళ్ళో చేరాను.

ఆ వేసవిలో కూచిపూడి దగ్గర పెద్దమ్మ ఆడపడుచు ఇంట్లో పెళ్ళి. బంతిలో ఆమె పక్కనే కూర్చున్నాను. పాయసం రాగానే పెద్దమ్మ నా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనికి పాలు పడవు అన్నయ్యగారూ" అంది వడ్డిస్తున్న ఆడపడుచు భర్తతో.

"శుభమా అని పెళ్ళి జరుగుతుంటే మా ఇంటి పాయసం వద్దంటావేంటమ్మా?" అని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

బంతంతా మా వైపే చూసింది. మావాళ్ళలో పెళ్ళి భోజనంలో తీపి కాదంటే ఆ ఇంటిని కాదన్నట్టే. పెద్దమ్మ నవ్వి, "దాని వంతు కూడా నాకే వెయ్యండి" అంది. ఆయన సంతోషంగా వేశాడు. ఆమె ఒక్క మెతుకు మిగల్చకుండా తింది.

తిరుగు బస్సులో ఆమెకి చెమటలు పట్టాయి. ఆపమని కండక్టర్ని బతిమాలింది. అతను విసుక్కుంటూ బెల్లు కొట్టేసరికే ఆలస్యమైపోయింది. చీర పాడైంది. వెనక ఎవరో ముక్కు మూసుకుని తిట్టారు. మా ఇద్దరినీ దింపేసి బస్సు వెళ్ళిపోయింది. పెద్దమ్మ కాలవలో కడుక్కుని తడిచీరతో గట్టున కూలబడింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఊరుకోవే. కాపరానికి వచ్చినప్పట్నుంచీ ఎవరేం వేసినా తింటూనే ఉన్నా, నాకలవాటే. నువ్వు మాత్రం నోరు తెరిచి వద్దని చెప్పు" అంది.

విజయవాడ డాక్టరు నా జబ్బుకి ఐబీఎస్ అని పేరు చెప్పేనాటికి పెద్దమ్మ లేదు. ఆమెకి ఆ పేరు తెలియనే తెలియదు. ఈ వయసులోనూ ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా, ఇంటివాళ్ళు ఎంత నొచ్చుకున్నా, "నాకు పడదండీ" అని నేనే చెబుతాను. గట్టిగానే చెబుతాను. నా బదులు ఇంకెవరూ తినకూడదు.