చెల్లెలి చీరతో కోంటా దాకా

మా చెల్లెలు సుబ్బులు పోయి మూడేళ్లయింది. దాని కూతురు నాగమణి పెళ్లికి బస్తరు రాజ్యంలోని కోంటాకు రమ్మని బావ కార్డు రాశాడు. ముత్తయిదువగా పోయిన ఇల్లాలికి పెళ్లికి ముందు పీట వేసి చీర పెట్టాలి, ఆ చీర పుట్టింటి నుంచే రావాలి. అది వాళ్లింటి ఆచారం. పుట్టిల్లంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. "మీరు రాకుంటే పీట మీద ఏం పెట్టాలె బావా?" అన్న ముక్క చదివాక ఇక సాకు దొరకలేదు. సాకులు చెప్పడంలో నేను గట్టివాణ్ణే. అడవి దేశం, చలిజ్వరాలు, దారి సరిగా లేదు అంటూ, సుబ్బులు తొలి కానుపుకు మా ఇంటికొచ్చి వెళ్లింది మొదలు పదిహేడేళ్లు ఉత్తరాలతోనే సరిపెట్టాను.

రాజమండ్రిలో లాంచి ఉదయం ఆరున్నరకు కదిలింది. గోదావరి కొండల మధ్య ఇరుకైన చోట జనమంతా అంచుకు చేరి చూశారు. నేను మాత్రం ఒళ్లోని చీర, గాజుల మూట దించలేదు. రాత్రి ఎనిమిదికి కూనవరం చేరాం. సత్రంలో చారూ అన్నం, చాప మీద పడక. మర్నాడు తెల్లవారగానే శబరి మీద పడవ. ఎదురునీళ్లు కాబట్టి గెడలు వేసి నెట్టాలి. మధ్యాహ్నం ఇసుకతిన్నె మీద ఆపారు. అక్కడ ఎవరి వంట వాళ్లదే, వెళ్లేవాళ్లు బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టె మరవకూడదు. పక్క పొయ్యి దగ్గరి ముసలామె నా ఉత్త అన్నం చూసి పచ్చిపులుసు పోసింది.

"ఏంది, ఒక్కడివే పోతున్నవ్?"

చెల్లెలి కూతురి పెళ్లన్నాను.

"నిన్ను జూస్తే చెల్లెకు మస్తు సంబురమైతది" అంది. నేను తల దించుకుని తిన్నాను.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి కోంటా. సరిహద్దు నాకా దగ్గర రాజ్యం జవాను మూట విప్పించి, చీర చూసి "షాదీ?" అని నవ్వి వదిలేశాడు.

బావది చింతపండు వ్యాపారం. సుబ్బులు పోయాక అతను పక్కింటి రత్తమ్మను చేసుకున్నాడు. సుబ్బులు మంచాన పడినప్పుడు సేవ చేసింది ఆమేనట. నన్ను చూస్తూనే "అన్నా" అంది.

మర్నాడు తొమ్మిదింటికి లోపలి గదిలో పసుపు రాసిన పీట వేశారు. దాని మీద చీర, గాజులు పెట్టాను. నాగమణి దీపం వెలిగించి, పరమాన్నం పెట్టి మొక్కింది. ఆ తర్వాత వాటిని ఇంటి ఇల్లాలు ధరించాలి. రత్తమ్మ చీర కట్టుకుంది గాని, గాజులు పిడికిలి దాటలేదు. తొలి కానుపునాటి చెల్లెలి చెయ్యి తలుచుకుని కొన్నవవి. ఆ తర్వాతి చెయ్యి నేను చూడలేదు.

"ఇవేంది, చిన్నపిల్లల గాజులు తెచ్చిండ్రు!" అని ఒకావిడ నవ్వింది. నేనూ నవ్వబోయాను.

రత్తమ్మ నవ్వలేదు. "అక్కకైతే సరిపోతుండె అన్నా. ఆఖర్ల చెయ్యి గింత సన్నగయింది. గాజులు జారిపోతాంటే దారం చుట్టి ఆపిన. 'మా అన్న వస్తడు, ఒట్టి చేతులతోని కనబడొద్దు' అనేది అక్క."

పీట ముందు కూలబడ్డాను. "తప్పయిందే సుబ్బులూ" అని అందరి ముందే ఏడ్చాను. నాగమణి గాజులు తీసి మళ్లీ పీట మీదే పెట్టింది.

"అమ్మవి అమ్మకే ఉండనియ్ మామా" అంది.

పెళ్లి చక్కగా జరిగింది. తిరుగుదారిలో నీటివాలు కలిసొచ్చి, పొద్దున్నే పడవెక్కితే చీకటి పడేలోపే కూనవరం చేరాను. మర్నాడు లాంచిలో నా పక్కన కూర్చున్న గుమాస్తా, తన కూతురికి కోంటా సంబంధం చూస్తున్నాడట.

"పిల్లనిస్తే మళ్లీ చూడగలమాండీ? బాగా దూరమా?" అని అడిగాడు.

"రెండున్నర రోజులు. ఒకటి రెండు పూటలు వండుకోవాలి. ఏటా వెళ్లి రావచ్చు."

"మీరలాగే వెళ్తుంటారా?"

"లేదండీ" అన్నాను. "మా చెల్లెలు పోయాక వెళ్లాను."