మంచం పక్కన గ్రాఫిక్స్ కార్డు

మొన్న మా మేనకోడలు ఇంజనీరింగ్ చదువు కోసం కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, కోదాడ నుంచి వస్తూ వస్తూ నాకు చూపించడానికి తెచ్చింది. అన్నం తినే పళ్ళెమంత పలచగా, అంతకన్నా తేలికగా ఉంది. చేతిలోకి తీసుకోగానే నేను చేసిన మొదటి పని దాన్ని బోర్లా తిప్పి మరలెక్కడున్నాయో వెతకడం. ఆ పిల్ల నవ్వి, "మామయ్యా, దీంట్లో విప్పడానికేం ఉండదు, మెమరీతో సహా అన్నీ అతికించే వస్తాయి" అంది. అది వెళ్ళిపోయాక కూడా నా వేళ్ళు ఊరుకోలేదు. టేబుల్ సొరుగు లాగి, పాత స్క్రూడ్రైవర్ల డబ్బా తీసి, ఏ పనీ లేకుండానే ఒక్కొక్కదాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియని రోజులు. నేను సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసేవాణ్ణి. పని తక్కువ, గడియారం వైపు చూపులు ఎక్కువ. మూసి ఉన్న యంత్రం కంటబడితే విప్పకుండా ఉండలేని జబ్బు నాది. ఇంట్లో మిక్సీ, రేడియో, పక్కింటివాళ్ళ ఇన్వర్టరూ అయిపోయాక ల్యాప్‌టాపుల మీద పడ్డాను. నాకు తోడు దొరికింది మా అక్క పెనిమిటి. కోదాడ బస్టాండు దగ్గర బేకరీ నడిపే ఆ బావకి ఒక చెయ్యి పఫ్‌ల ట్రే మీద ఉంటే రెండో చెయ్యి కీబోర్డు మీద ఉండేది. ఏ గేమింగ్ ల్యాప్‌టాపులో వేడి ఎక్కువ, ఏ చిప్పు ఏడాదికే చస్తుంది, దేనికి అడుగు మూత సులువుగా ఊడుతుంది అని దేశదేశాల పిచ్చివాళ్ళందరూ వాదించుకునే ఒక ఇంటర్నెట్ చర్చావేదికలో మేమిద్దరం సభ్యులం. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా, చిప్పు పేరు, డిగ్రీల అంకె కనిపిస్తే చాలు, మిగతాది అర్థమైపోయేది. ఇద్దరం గంటలకొద్దీ ఫోన్లో వాటి గురించే మాట్లాడుకుంటుంటే, మీరు మాట్లాడేది మనుషుల గురించేనా అని అక్క విసుక్కునేది.

అటువంటి రోజుల్లోనే మా తమ్ముడికి ప్రమాదం జరిగింది. వాడు మిర్యాలగూడలో ఉంటూ లారీ తోలేవాడు. ఒకరోజు వాడపల్లిలో సిమెంటు లోడు ఎత్తుకుని హుజూర్‌నగర్ దాటాక, రోడ్డుకడ్డం వచ్చిన గొర్రెల మందను తప్పించబోయి కాలువ కట్ట దిగిపోయాడు. గొర్రెలు, గొర్లకాపరి అందరూ క్షేమం. వాడి కుడికాలు మాత్రం క్యాబిన్‌లో నలిగింది. హైదరాబాదు దవాఖానలో రాడ్డు వేసి పంపించారు. చీలమండ కదిలిస్తూ ఉండాలనీ లేకపోతే బిగుసుకుపోతుందనీ చెప్పారు. వాడు కదిలించలేదు. చిన్నప్పటి నుంచి ఒకచోట కూర్చుని అన్నం కూడా తినని మనిషి, ఇంట్లో మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని, ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. వ్యాయామం చేయించడానికి వచ్చినాయన రెండుసార్లు తిట్లు తిని, ఇక రావడం మానేశాడు. మా మరదలు వంటింట్లో కళ్ళు తుడుచుకునేది. అమ్మ మాత్రం, ప్రాణం దక్కింది, ఇక ఆ దిక్కుమాలిన స్టీరింగు ముట్టకపోతే చాలునని కనబడ్డ దేవుడికల్లా దణ్ణం పెట్టుకునేది.

నేను ప్రతి ఆదివారం బస్సెక్కి మిర్యాలగూడ పోయేవాణ్ణి. పోయి ఏం చేయాలో తెలిసేది కాదు. మంచం పక్కన కూర్చోవడం, లేవడం, వాకిట్లోకి పోవడం, మళ్ళీ రావడం. ఒక ఆదివారం ఏమీ తోచక నా పాత గేమింగ్ ల్యాప్‌టాపు సంచిలో వేసుకుని పోయాను. ఇటుక బరువు, పక్కనుంచి పొయ్యిలాగా వేడిగాలి. అందులో లారీ తోలే ఆట ఒకటి పెట్టి, వాడి వీపు వెనకాల కూర్చుని నేనే ఆడడం మొదలుపెట్టాను. నాకు స్కూటరు కూడా సరిగ్గా రాదు. నా లారీ గోడలకు గుద్దుకుంటున్న చప్పుడు వాడు కాసేపు విన్నాడు. ఇక ఆగలేక ఇటు తిరిగాడు.

"గట్లనా తిప్పేది? మలుపుల బ్రేకేస్తరా ఎవరన్న? జర ఇటియ్యి."

ప్రమాదం తర్వాత వాడు నాతో తనంతట తానుగా మాట్లాడిన మొదటి మాటలవి. నేను ల్యాప్‌టాపు వాడి చేతికిచ్చేశాను. దిండ్లకు చేరగిలబడి, పొట్టమీద చిన్న బల్ల పెట్టుకుని, సాయంత్రం దాకా ఆడాడు. లోడుంటే లారీ ఇట్ల ఊగదు, ఈ ఆట చేసినోడు ఎన్నడూ లారీ ఎక్కలేదు అని తిడుతూనే ఆడాడు. ఆ తిట్లు వింటూ మా మరదలు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

కానీ మా సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ ల్యాప్‌టాపుల్లో ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పులు వేడికి అతుకులు వదిలి చచ్చిపోవడం అప్పట్లో అందరికీ అనుభవమే. తమ్ముడి దగ్గరే వదిలొచ్చిన దానికి మొదట తెరమీద రంగుల గీతలొచ్చాయి, తర్వాత తెర నల్లబడింది. ఫోన్లో తమ్ముడి గొంతు మళ్ళీ పాతదారిలో పడింది. బావా నేనూ చర్చావేదికను గాలించాం. అక్కడి పిచ్చివాళ్ళ మందు ఒక్కటే: చిప్పున్న బోర్డు బయటికి తీసి, అల్యూమినియం కాగితం చుట్టి, కాసేపు ఓవెన్‌లో కాల్చడం. అతుకులు కరిగి మళ్ళీ అంటుకుంటాయట. బావ బేకరీ ఉండగా ఓవెన్‌కేం కొదువ అనుకుంటే, అక్క అడ్డంపడింది.

"మంది తినేటివి కాల్చే పొయ్యిల గా విషం పెడతరా? కాలు చేతులు ఇరగ్గొడత ఇద్దరివీ!"

చివరికి పెరట్లో మూలపడేసిన పాత చిన్న ఓవెన్ దులిపి, అందులో పెట్టాం. ప్లాస్టిక్కు మాడిన వాసనకు బేకరీకొచ్చినవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. బోర్డు చల్లారేదాకా బావ అటూ ఇటూ తిరుగుతూ, "చూడు బామ్మర్దీ, పనిచేస్తుంది, చెయ్యకపోతే అప్పుడడుగు" అని నాకు చెబుతున్నట్టే తనకు తాను చెప్పుకున్నాడు. నిజంగానే పనిచేసింది. పండగలాగా మిర్యాలగూడ పట్టుకుపోయాం. కొన్ని వారాలు బతికి, మళ్ళీ నల్లబడింది. రెండోసారి కాల్చినా లేవలేదు.

అప్పుడే చర్చావేదికలో బయటి గ్రాఫిక్స్ కార్డు మాట చదివాను. నా దగ్గర కాలేజీ పనికి వాడే మామూలు ల్యాప్‌టాపొకటి ఉండేది. ఉత్తరాలు రాసుకోవడానికి తప్ప ఆటలకు పనికిరాదు. దాని పక్కన చిన్న కార్డు దూర్చే సందు ఉంది. ఆ సందులోంచి తీగ బయటికి లాగి, డెస్క్‌టాప్ కంప్యూటర్లో ఉండే పెద్ద గ్రాఫిక్స్ కార్డును దానికి తగిలిస్తే, బొమ్మ గీసే పనంతా బయటి కార్డు చేసి తిరిగి ల్యాప్‌టాపు తెరమీదికే పంపిస్తుందట. ఇంతకన్నా ఒక కంప్యూటర్ కొనుక్కుంటే పోదా అని మా మరదలు అడిగింది. పడుకున్నోడి పొట్టమీద కంప్యూటర్ ఎట్లా పెడతామని బావ జవాబు చెప్పాడు గానీ, నిజం మా ఇద్దరికీ తెలుసు. అంత వింత పని చేతికి దొరికితే వదులుకునే మనుషులం కాదు మేము.

తీగా, దాన్ని కార్డుకు కలిపే చిన్న బోర్డూ పరాయి దేశం నుంచి రావాలి. తెప్పించుకున్నాక ఎదురుచూపు. పోస్టాఫీసు చుట్టూ తిరిగి తిరిగి అక్కడి గుమాస్తాకు నా ముఖమే విసుగొచ్చింది. వచ్చాక, హైదరాబాదులో కొన్న పాత కార్డూ, కంప్యూటర్ పెట్టెలోంచి ఊడబెరికిన పవర్ సప్లయీ కలిపి, మంచం పక్కన స్టూలు మీద పరిచాం. బట్టల్లేని కంప్యూటరులా ఉంది. ఆన్ చేస్తే కార్డు ఫ్యాను గిర్రున తిరిగింది, ల్యాప్‌టాపు మాత్రం కార్డైతే కనిపించింది గానీ దానికి సరిపడా చోటు లేదని మొండికేసింది. ఆ రోజంతా కుస్తీ పట్టినా లొంగలేదు. తమ్ముడు ముఖం తిప్పుకుని, "ఇగ ఖతం చెయ్యిండ్రి అన్నా, మీరు గూడ పరేషాన్ అయితుండ్రు" అన్నాడు. సూర్యాపేటకు తిరిగొచ్చే బస్సులో ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. సీటున్నా నిలబడే వచ్చాను.

మా తంటా అంతా చర్చావేదికలో రాశాను. ఏ దేశపువాడో, పేరు కూడా తెలియదు, రెండే వాక్యాల్లో జవాబిచ్చాడు: ల్యాప్‌టాపులో ఉన్న రెండు మెమరీ పట్టీల్లో ఒకటి తీసెయ్యి, ఆ చోటు కార్డుకు దొరుకుతుంది. ఒకటి తీసేస్తే ఇంకోదానికి చోటొస్తుందన్నది నా బుర్రకెక్కలేదు గానీ, మరుసటి ఆదివారం అలాగే చేశాం. తెరమీద కార్డు పేరు వచ్చింది. బావ నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. తమ్ముడు నవ్వలేదు, "పెట్టుండ్రి ఆట" అన్నాడంతే.

ఈసారి ఆట వేరు. రోడ్డుపక్క చెట్ల నీడలు, అద్దంమీద వాన చుక్కలు, లోడుకు తగ్గట్టు బరువుగా కదిలే లారీ. దానికి తగ్గట్టు బావ తన దగ్గరున్న ఆటల స్టీరింగునూ, కాళ్ళకింద పెట్టుకునే పెడళ్ళనూ తెచ్చాడు. తమ్ముడు మంచం అంచున కూర్చుని, కుడికాలు దూరంగా చాపి, అన్ని పెడళ్ళూ ఎడమకాలితోనే తొక్కేవాడు. కరెంటు పోతే బయటి కార్డు ఆగిపోయి తెర బిగుసుకుపోయేది. కరెంటోళ్ళను వాడు తిట్టే తిట్లు వీధి చివరి దాకా వినిపించేవి.

అమ్మకు మాత్రం ఇది నచ్చలేదు. ఒకనాడు నన్ను వాకిట్లోకి పిలిచి, "వాడు మర్సిపోతడేమో అనుకుంటే నువ్వే మంచం కాడికి లారీ తెస్తివి. మల్ల రోడ్డెక్కుతనంటె ఆపుతవా నువ్వు?" అంది. ఆ వారమంతా ల్యాబులో పరికరాలు సర్దుతున్నా ఆ ప్రశ్నే. ఆపగలనా, ఆపాలా, అసలు నేను చేస్తున్నది వాడికోసమా, నా చేతుల దురద కోసమా? స్టీరింగు వెనక్కి తీసుకొచ్చేద్దామని బావకు ఫోన్ చేశాను. బావ, "చూద్దాం, ఈ ఒక్క ఆదివారం చూద్దాం" అన్నాడు.

ఆ ఆదివారం మేం వెళ్ళేసరికి తమ్ముడు ఆటలో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాడు. ఎడమకాలు క్లచ్చు మీదుంది, ఇంజను మోత పెరుగుతోంది. మోత ఎలా పెరుగుతోందో ముందు మాకు తట్టలేదు. మాకన్నా ముందు చూసింది అమ్మ. చేతిలో మంచినీళ్ళ చెంబుతో అక్కడే ఆగిపోయింది.

"కాలు... కాలు కదులుతుందిరా వానిది."

దవాఖాన వాళ్ళు బతిమాలినా కదలని ఆ కుడికాలు యాక్సిలరేటరు పెడలును వణుకుతూ నొక్కుతోంది. నొప్పికి వాడి నుదురంతా చెమట. కానీ వాడి కళ్ళు తెరమీద నుంచి కదల్లేదు. ఎత్తు రోడ్డు మీద కాలు తీస్తే లోడుబండి వెనక్కి జారుతుంది, అది తప్ప వాడికింకేమీ పట్టలేదు. నొక్కినప్పుడల్లా పెడళ్ళ పలక నున్నటి గచ్చుమీద ముందుకు జారిపోతోంది, వాడు మళ్ళీ మళ్ళీ కాలితో లాక్కుంటున్నాడు. అమ్మ చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తొక్కు నూరే చిన్న రోలును రెండు చేతులతో మోసుకొచ్చి, పలక ముందర అడ్డం పెట్టి, జరగకుండా సరిచేసి, "ఇగ తొక్కు" అంది. బావ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఆ తర్వాత వ్యాయామం చేయించే ఆయన్ని వాడే మళ్ళీ పిలిపించుకున్నాడు. చేతికర్ర పట్టి, కర్ర వదిలి, కుంటుతూ, ఆ పైన కుంటు తెలియనంతగా నడిచాడు. మళ్ళీ లైసెన్సు పని చూసుకుని, యజమానిని ఒప్పించి, ఒకరోజు మిల్లులో బియ్యం లోడెత్తుకుని బయలుదేరాడు. అమ్మ ఆపలేదు. కోదాడ మీదుగా పోతాడని తెలిసి నేనూ వెళ్ళి, బావతో కలిసి రోడ్డు మీద నిలబడ్డాను. లారీ ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. హారను రెండుసార్లు కొట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపి, వేగం తగ్గించకుండానే విజయవాడ దారి పట్టాడు. బావ నవ్వుతూ, "చూశావా, మనకోసం బ్రేకు కూడా వెయ్యలేదు" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం, ఆ తర్వాత బావ బేకరీకీ నేను సూర్యాపేట బస్సుకీ నడిచాం.

అలవాటు కొద్దీ ఆ తర్వాత కూడా ఒకటి రెండు ఆదివారాలు మిర్యాలగూడ పోయాం. తమ్ముడు లోడు మీద ఉన్నాడు. మంచం పక్కన స్టూలు లేదు. ఆ కార్డును బావ బేకరీ కంప్యూటర్లో పెట్టుకున్నాడు, కొన్నాళ్ళకు అదీ పోయింది. మాకు మెమరీ పట్టీ రహస్యం చెప్పిన ఆ పరాయి దేశపువాడికి, మా తమ్ముడు నడుస్తున్నాడని రాద్దామనుకుంటూనే రాయలేదు. తీరా రాద్దామని కూర్చుంటే ఆ చర్చావేదికే మూతపడింది. ఈనాటి పిల్లలు ఎవరో విప్పుతుంటే వీడియోల్లో చూస్తారు, పాడైతే కొత్తది కొంటారు. అందులో తప్పేమీ లేదు, వాళ్ళకు టైము మిగులుతుంది. మేము మిగుల్చుకోని టైమది. ఇప్పుడు మా ముగ్గురికీ కార్లున్నాయి, రోడ్లు బాగుపడ్డాయి, ఫోన్లో ముఖాలు చూసుకోవచ్చు. పెళ్ళిళ్ళలో కలిస్తే బావ షుగరు గురించి చెబుతాడు, తమ్ముడు డీజిల్ ధర గురించి చెబుతాడు, నేను వింటాను. ఆదివారం పొద్దున మాత్రం ఇప్పటికీ తెల్లవారకముందే మెలకువ వస్తుంది. స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఎక్కడికీ పోవాల్సింది లేదని గుర్తొచ్చాక కూడా, వీధి మలుపు దాకా పోయి మిర్యాలగూడ బస్సు వెళ్ళేదాకా నిలబడి తిరిగొస్తాను.